నా నొప్పి మెదడు స్కాన్‌లో కనపడుతుందా?

ప్రశ్న: నా వయసు 43. గుంటూరులో ఉంటాం, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మూడేళ్ళ క్రితం ఒక జ్వరం వచ్చి వారంలో తగ్గింది. ఒళ్ళునొప్పులు, నీరసం మాత్రం అప్పట్నుంచీ పోలేదు. రాత్రంతా పడుకున్నా పొద్దున్నే నిద్ర లేనట్టే ఉంటుంది. పాఠం చెబుతుంటే నోటిదాకా వచ్చిన మాట రాదు. విజయవాడలో ఇద్దరు డాక్టర్లకి చూపించాం. రక్తపరీక్షలు నార్మల్ అన్నారు. ఎంఆర్ఐ రిపోర్టులో మెదడు ముందు భాగంలో చిన్న చిన్న తెల్ల మచ్చలున్నాయనీ, అవి ప్రత్యేకించి దేనికీ గుర్తు కావనీ రాశారు. అది చదివాక భయం పట్టుకుంది. అమెరికాలో ఇలాంటి నొప్పులున్న వాళ్ళకి స్కాన్ తీస్తే మెదడులో వాపు కనపడిందని మా అబ్బాయి ఎక్కడో చదివి చెప్పాడు. మా అత్తగారూ ఆడపడుచూ 'అంతా నీ మనసులోనే ఉంది' అంటారు. ఆ స్కాన్ చూపిస్తే నమ్ముతారేమో అనిపిస్తోంది. పెట్ స్కాన్ మన దగ్గరా ఉందట కదా. నా గొలుసు తాకట్టు పెట్టయినా తీయిద్దామని మావారు అంటున్నారు. రాత్రి అమిట్రిప్టిలిన్ 10, నొప్పి ఎక్కువైతే ట్రమడాల్ వేసుకుంటున్నాను. స్కాన్ తీయించుకోమంటారా? – ఒక సోదరి, గుంటూరు

జవాబు: వద్దమ్మా. గొలుసు మెడలోనే ఉండనివ్వండి. మీ నొప్పి అబద్ధమని కాదు ఈ మాట అంటున్నది. మీ అబ్బాయి చదివిన స్కానూ, ఇక్కడ డబ్బు కట్టి తీయించుకునే స్కానూ ఒకటి కావు. ఒకవేళ అదే స్కాన్ దొరికినా, ఒక్క మనిషి విషయంలో అది ఏ నిర్ణయమూ చెప్పలేదు.

ముందు ఆ 'వాపు' అనే మాట సంగతి చూద్దాం. మీ భయంలో సగం దానివల్లే వచ్చినట్టుంది. మన జిల్లాల్లో మెదడువాపు అనగానే పిల్లలకి వచ్చే జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం గుర్తొస్తాయి. అది వేరే జబ్బు. అందులో మెదడు నిజంగానే ఉబ్బుతుంది, రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. మీ అబ్బాయి చదివిన పరిశోధనల్లో ఎవరి మెదడూ ఉబ్బలేదు. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అన్న చోటల్లా మనవాళ్ళు 'వాపు' అని రాసేస్తుంటారు. ఇక్కడ ఆ మాట నప్పదు. ఇక్కడ దాని అర్థం, మెదడులోని కావలి కణాలు మేలుకుని ఉండటం.

మెదడులో నరాల కణాలతో పాటు గ్లియా అనే కణాలుంటాయి. వాటిలో మైక్రోగ్లియా అనేవి కావలి కాసే రకం. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా 1919లో వీటిని విడిగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. నరం దెబ్బతిన్నా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఇవి మేలుకుని రసాయనాలు వదులుతాయి. వాటివల్ల చుట్టుపక్కల నొప్పి నరాలు చిన్న తాకిడికే గట్టిగా స్పందించడం మొదలుపెడతాయి. దెబ్బ మానాక ఇవి మళ్ళీ సద్దుమణగాలి. కొందరిలో సద్దుమణగడం లేదా అన్నదే శాస్త్రవేత్తల ప్రశ్న. ఎలుకల వెన్నుపాములో దీనికి బలమైన ఆధారాలున్నాయి. బతికున్న మనిషి మెదడు కోసి చూడలేం కాబట్టి స్కాన్‌ని ఆశ్రయించారు.

ఆ స్కాన్ ఎలా తీస్తారో తెలిస్తే మన దగ్గర ఎందుకు కుదరదో మీకే అర్థమవుతుంది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాల పైపొర మీద టీఎస్‌పీఓ అనే ప్రోటీన్ ఉంటుంది. మైక్రోగ్లియా ఎక్కువగా చేరిన చోట ఇదీ ఎక్కువగా ఉంటుంది. దీనికి అతుక్కునే పీబీఆర్28 లాంటి పదార్థానికి రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. మనిషిని స్కానర్‌లో సుమారు గంటన్నర కదలకుండా పడుకోబెట్టి, అది ఎక్కడ ఎంత నిలిచిందో కొలుస్తారు. కార్బన్-11 శక్తి 20 నిమిషాలకోసారి సగానికి పడిపోతుంది. హైదరాబాద్‌లో తయారుచేసి కారులో విజయవాడ తెస్తే ఐదు గంటలు పడుతుందనుకోండి. ఆ లోపు పదిహేను సార్లు సగమవుతుంది, బయల్దేరినప్పటి దానిలో 32 వేల వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్, కెమిస్ట్రీ ల్యాబ్, స్కానర్ మూడూ ఒకే ఆవరణలో ఉన్న పరిశోధన కేంద్రాలే ఈ పని చేయగలవు.

ఆసుపత్రుల్లో పెట్-సీటీ పేరుతో తీసేది వేరు. అందులో ఎఫ్‌డీజీ అనే, చక్కెరను పోలిన పదార్థం ఎక్కిస్తారు. దానికి తగిలించే ఫ్లోరిన్-18 సగమవడానికి 110 నిమిషాలు పడుతుంది. ఐదు గంటల ప్రయాణం తర్వాత కూడా సుమారు 15 శాతం మిగులుతుంది కాబట్టి ఊరు దాటించి తేగలుగుతారు. ఎక్కడ చక్కెర ఎక్కువ ఖర్చవుతోందో చూపించడం దాని పని. క్యాన్సర్‌కి, కొన్ని రకాల మతిమరుపు జబ్బులకి, మందులకి లొంగని ఫిట్స్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మైక్రోగ్లియాను చూపించడానికి పనికిరాదు. పైగా ఒంటి శక్తిలో ఐదో వంతు మెదడు ఒక్కటే తినేస్తుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న వాళ్ళలో కూడా ఎఫ్‌డీజీ స్కాన్‌లో మెదడు మొత్తం వెలుగుతూనే ఉంటుంది. మీరు తీయించుకుంటే దాదాపుగా నార్మల్ అనే వస్తుంది. అప్పుడు ఇంట్లో వాళ్ళ చేతికి ఇంకో కాగితం ఇచ్చినట్టవుతుంది.

ఇక ఆ పరిశోధనల్లో తేలిందేమిటి? 2015లో అమెరికాలోని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మార్కో లోజియా బృందం దీర్ఘకాలం నడుమునొప్పి ఉన్నవాళ్ళని ఇలా పరీక్షించింది. నొప్పి సమాచారాన్ని పంచిపెట్టే థాలమస్ అనే భాగంలో వాళ్ళకి టీఎస్‌పీఓ సంకేతం ఎక్కువగా కనపడింది. రోగులు కొద్దిమందే. 2019లో అదే బోస్టన్ బృందం, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ కలిసి ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా దీర్ఘకాలం నొప్పులుండే జబ్బు) ఉన్న 31 మందినీ, ఆరోగ్యంగా ఉన్న 27 మందినీ పోల్చారు. ఈసారి తేడా మెదడు పైపొరలో చాలాచోట్ల కనపడింది. నీరసం ఎక్కువగా ఉన్నవాళ్ళలో సింగ్యులేట్ అనే భాగంలో సంకేతం ఎక్కువగా ఉంది. అంతకు ముందు 2014లో జపాన్ వాళ్ళు తీవ్ర నీరసం జబ్బు ఉన్న 9 మందిలో ఇలాంటిదే చూశారు. ఆ జబ్బునే ఎంఈ/సీఎఫ్ఎస్ అంటారు. తర్వాత నెదర్లాండ్స్‌లో, జపాన్ వాళ్ళు వాడిన పదార్థంతోనే చేసిన పరిశీలనలో మాత్రం రోగులకీ ఆరోగ్యవంతులకీ తేడా దొరకలేదు.

2015 పరిశోధనలో పత్రికలవాళ్ళు దాదాపు వదిలేసే విషయం ఒకటుంది. అందరినీ కలిపి చూస్తే నొప్పి ఉన్నవాళ్ళకే సంకేతం ఎక్కువ. కానీ ఆ రోగుల్లో వాళ్ళలో వాళ్ళని పోల్చి చూస్తే, సంకేతం ఎక్కువ ఉన్నవాళ్ళకి నొప్పి తక్కువగా ఉంది! రక్తంలో ఐఎల్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ గుర్తు కూడా తక్కువే. అంటే ఆ కణాలు మంట పెడుతున్నాయో, పెట్టిన మంట ఆర్పుతున్నాయో చెప్పడం అంత తేలిక కాదు. 2023లో వచ్చిన మరో పరిశోధన ఇంకో చిక్కు చూపించింది. ఎలుకల్లో మైక్రోగ్లియా రెచ్చిపోతే టీఎస్‌పీఓ పెరుగుతుంది. మనుషుల్లో అది ఆ కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుందే గానీ అవి రెచ్చిపోయాయో లేదో చెప్పదు. అందుకని, స్కాన్ బొమ్మలో ఎర్రగా కనపడిన చోటల్లా నిప్పు రాజుకున్నట్టు అనుకోవద్దని మీ అబ్బాయికి చెప్పండి. ఆ ఎరుపు కంప్యూటర్‌లో వేసిన రంగు. ఏ అంకెకి ఏ రంగన్నది పరిశోధకులు ఎంచుకునేదే.

జన్యువుల గొడవ కూడా ఉంది. టీఎస్‌పీఓ జన్యువులో ఒక్క అక్షరం తేడాని బట్టి మనుషులు మూడు రకాలు: పదార్థం గట్టిగా అతుక్కునేవాళ్ళు, మధ్యరకం, దాదాపు అతుక్కోనివాళ్ళు. ఇది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే తేడా. పరిశోధకులు ముందే రక్తమో ఉమ్మో తీసుకుని ఇది చూస్తారు, మూడో రకం వాళ్ళని స్కాన్ దాకా రానివ్వరు. డయాజిపామ్ లాంటి నిద్రమాత్రలు కొన్ని అదే ప్రోటీన్‌కి అతుక్కుంటాయి కాబట్టి అవి వాడేవాళ్ళనీ తీసుకోరు. ఇంత వడపోశాక కూడా వచ్చేది సగటులో తేడా మాత్రమే. ఆడవాళ్ళ సగటు ఎత్తు మగవాళ్ళ సగటు కంటే తక్కువని అందరికీ తెలుసు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి అని మాత్రమే చెబితే అది ఆడో మగో చెప్పగలరా? ఈ స్కానూ అంతే. రోగుల అంకెలూ ఆరోగ్యవంతుల అంకెలూ చాలా మేర కలిసిపోతాయి. ఈ రోజు మిమ్మల్ని బోస్టన్ తీసుకెళ్ళి స్కాన్ తీసినా 'ఈవిడకి ఉంది' అనో 'లేదు' అనో అక్కడి వాళ్ళు చీటీ రాసివ్వలేరు.

ఇక్కడే ఎవరైనా 'మెదడు ఇన్‌ఫ్లమేషన్ స్కాన్ ప్యాకేజీ' అంటే మూడు విషయాలు అడగండి: ఏ పదార్థం ఎక్కిస్తారు, జన్యు పరీక్ష ముందు చేస్తారా, ఆరోగ్యవంతుల అంకెలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి. జవాబు ఎఫ్‌డీజీ అయితే లేచి వచ్చేయండి. పరిశోధన అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా నంబరు చూపించమనండి. పరిశోధనలో చేరినవాళ్ళ దగ్గర ఆ పరిశోధన స్కాన్‌కి డబ్బు తీసుకోకూడదు.

మీ ఎంఆర్ఐలో తెల్ల మచ్చల సంగతి. నలభై దాటిన వాళ్ళలో, పార్శ్వపు తలనొప్పి, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళలో ఇవి తరచూ కనపడతాయి. రిపోర్టులో నాన్ స్పెసిఫిక్ అని రాయడమంటే 'కనపడింది కాబట్టి రాశాను, దీన్ని పట్టుకుని ఏ జబ్బు పేరూ పెట్టలేను' అని రేడియాలజిస్టు నిజాయితీగా చెప్పడం. అవి మీ నొప్పికి కారణం కాదు, పరిశోధనల్లో చూసిన మైక్రోగ్లియా సంకేతమూ కాదు. ఒక్కసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి, చాలు. చూపు మసకబారడం, ఒక చేయో కాలో తిమ్మిరెక్కి వారాల తరబడి ఉండటం లాంటివి వచ్చి పోయి ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకి ఆ ఫిల్ములు చూపించాలి.

అత్తగారికి ఏం చెప్పాలి? స్కాన్ లేకుండానే చెప్పొచ్చు. కణజాలంలో దెబ్బగానీ నరంలో దెబ్బగానీ కనపడకపోయినా, నొప్పిని మోసే వ్యవస్థే అతిగా స్పందించి వచ్చే నొప్పి ఉంటుందని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో ఒప్పుకుని దానికి నోసిప్లాస్టిక్ నొప్పి అని పేరు పెట్టింది. పార్శ్వపు తలనొప్పి ఉందో లేదో ఎవరి ఎంఆర్ఐ చూసీ చెప్పలేం, అయినా అది ఉందని ఇంట్లో ఎవరూ వాదించరు కదా. ఈ మాట మీకన్నా మీవారు చెబితే మేలు. గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి, అమ్మ దగ్గర కూర్చుని ఒక పావుగంట మాట్లాడటానికి వెనకాడరు.

స్కాన్‌కి పెట్టాలనుకున్న డబ్బులో చిన్న భాగం ఇక్కడ పెట్టండి. నార్మల్ అన్న రక్తపరీక్షల కాగితాలు బయటికి తీసి అంకెలు చూడండి. హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఫెరిటిన్ 30 లోపు ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వలు లేనట్టే. చాలా ల్యాబులు ఫెరిటిన్ 12 దాటితే నార్మల్ అని వేస్తాయి. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్ళలో నీరసానికి ఇది చాలా మామూలు కారణం, తరచూ తప్పిపోయే కారణం కూడా. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బీ12, విటమిన్ డి, కాల్షియం, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, కిడ్నీలకి క్రియాటినిన్, లివర్ పరీక్షలు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌కి ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కండరాలకి సీపీకే చేసి ఉండాలి. లేనివి మాత్రమే చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి రెండు రోజుల ముందు ఆపండి, అది థైరాయిడ్ అంకెల్ని తప్పుగా చూపిస్తుంది. ఎసిడిటీకి పాంటోప్రజోల్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకీ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకీ బీ12 తగ్గుతుంది. విటమిన్ డి తక్కువుంటే 60 వేల యూనిట్ల డోసు వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. దాన్ని రోజూ వేసుకుని కాల్షియం పెరిగి, మలబద్ధకం, ఇంకా ఎక్కువ నీరసం తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. చీటీలో వారానికి అని ఉందో రోజుకి అని ఉందో రెండుసార్లు చదవండి.

మూడేళ్ళ నాటి ఆ జ్వరం ఏమిటి? అప్పుడు కీళ్ళు పట్టేసి, ఒంటి మీద దద్దురు వచ్చి ఉంటే అది చికున్‌గున్యా అయ్యుండొచ్చు. దాని కీళ్ళనొప్పులు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉంటాయి. పొద్దున్నే వేళ్ళు అరగంటకి పైగా బిగుసుకుపోతున్నాయా, కణుపులు ఉబ్బుతున్నాయా చూసుకోండి. ఉంటే రుమటాలజిస్టు చూడాలి, దానికి మందులు వేరు. ఇంకో సంగతి: పుట్టిల్లు వినుకొండ వైపో, ప్రకాశం జిల్లాలోనో అయ్యి, చిన్నప్పట్నుంచీ బోరునీళ్ళు తాగి పెరిగారా? ఫ్లోరోసిస్‌ని మన దేశంలో మొట్టమొదట గుర్తించింది 1937లో, ఆ వైపు పల్లెల్లోనే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే నడుము, మెడ బిగుసుకుపోయి నొప్పులొస్తాయి. ముంజేయి, తుంటి ఎక్స్-రేలో ఎముకల మధ్య పొర గట్టిపడటం కనపడుతుంది. అది మామూలు ఎక్స్-రే ఖర్చుతో తేలిపోయే విషయం. గట్టిగా గురక పెడతారని మీవారు అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కోసం స్లీప్ స్టడీ గురించి కూడా అడగండి.

ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు, డిజిటల్ బీపీ మిషన్ చాలు. పొద్దున్నే, కాఫీకి ముందు. పది నిమిషాలు కదలకుండా పడుకుని నాడి, బీపీ రాసుకోండి. తర్వాత లేచి, మడమలు గోడకి అరడుగు దూరంలో ఉంచి, వీపు పైభాగం మాత్రం గోడకి ఆనించి నిలబడండి. మాట్లాడొద్దు, కాళ్ళు కదపొద్దు. నిమిషానికోసారి, పది నిమిషాల పాటు, పక్కన మీవారు నిలబడి అంకెలు రాయాలి. కళ్ళు తిరిగితే వెంటనే పడుకోండి. నాడి 30కి పైగా పెరిగి అలాగే నిలిచినా, పై బీపీ 20 పడిపోయినా మీ నీరసంలో కొంత భాగం నిలబడటం వల్లే వస్తోందన్నమాట. రోజుకి ఐదారు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పే టీచర్‌కి అది చిన్న విషయం కాదు. అమిట్రిప్టిలిన్ కూడా నాడిని పెంచుతుంది, ఆ మందు పేరు కాగితం మీద రాసి పెట్టండి. నీరసమని ఎప్పుడైనా సెలైన్ ఎక్కించుకున్నారా? ఎక్కించాక ఒకరోజు తేరుకుని మళ్ళీ పడిపోయారా? అదీ ఇదే దారి చూపిస్తోంది. అర లీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, ఐదారు చెంచాలు. బలం దానివల్ల రాలేదు, రక్తనాళాల్లో నీరు నిండటం వల్ల ఆ కాసేపు బాగుంది. నాడి పెరిగే రకమైతే నీళ్ళు, ఉప్పు పెంచడం, మోకాళ్ళ పైదాకా బిగుతు మేజోళ్ళు సాయపడతాయి. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు జోలికి డాక్టర్ని అడగకుండా వెళ్ళొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన తేడా. స్కాన్ చెప్పలేనిది, మీరు రెండు వారాల్లో ఒక నోటుబుక్కుతో చెప్పగలిగేది ఇదే. ఎక్కువ పని చేసిన రోజు మీకు ఏమవుతుంది? ఆదివారం దుప్పట్లు ఉతికారనుకోండి. అదే సాయంత్రం ఒళ్ళు నొప్పిగా ఉండి, మర్నాటికో ఆ మర్నాటికో తేరుకుంటే అది ఒక రకం. ఆదివారం బాగానే ఉండి, సోమవారం సాయంత్రమో మంగళవారమో గొంతునొప్పి, జ్వరం వచ్చినట్టు ఒళ్ళు వెచ్చబడటం, మాట తడబడటం, లైటు చూడలేకపోవడం, మంచం దిగలేకపోవడం, అది మూడు నాలుగు రోజులో ఇంకా ఎక్కువో సాగితే అది వేరే రకం. రెండోది ఎంఈ/సీఎఫ్ఎస్‌కి గుర్తు. ఆరు నెలలకు పైగా ఇలా ఉండటం, పడుకున్నా తీరని అలసట, మాట మరచిపోవడంగానీ నిలబడలేకపోవడంగానీ కలిస్తే ఆ పేరు ఆలోచించాలి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే రెండింటికీ సలహా ఎదురెదురు. మొదటి రకం ఫైబ్రోమయాల్జియాలో కనపడేది. దానికి నడక, ఈత, తేలికపాటి వ్యాయామమే అన్నిటికన్నా మంచి మందు. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి రెండు మూడు నిమిషాలు పెంచాలి. మొదటి నెలలో నొప్పి కాస్త పెరుగుతుంది, అక్కడ మానేసేవాళ్ళే ఎక్కువ. గుంటూరు మే ఎండల్లో అయితే ఆరింటికి ముందే నడక అయిపోవాలి. రెండో రకం వాళ్ళని 'రోజూ కాస్త కాస్త పెంచు' అని తోస్తే ఇంకా దిగజారతారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో ఈ జబ్బుకి క్రమంగా వ్యాయామం పెంచే చికిత్సను తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది. వీళ్ళు చేయాల్సింది ఉన్న శక్తిని చూసి ఖర్చుపెట్టడం. నోటుబుక్కులో రోజుకి మూడుసార్లు నొప్పికి, నీరసానికి పదికి ఎంతో అంకె వేయండి, ఆ రోజు చేసిన పనులు రాయండి. రెండు వారాలయ్యాక, మర్నాడు కూలబడని రోజుల్లో ఎంత పని చేశారో చూడండి. దానికి కొంచెం తక్కువే మీ హద్దు. బాగున్న రోజున కూడా ఆ హద్దు దాటొద్దు. 'ఈ రోజు బాగుంది కదా' అని అన్ని పనులూ ఒకేసారి చేసుకోవడమే అందరూ చేసే తప్పు. క్లాసులో కుర్చీ అడగండి, కింది అంతస్తు గదులు అడగండి. వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని కూరగాయలు తరగండి. అలసట వచ్చాక పడుకోవడం కాదు, రాకముందే ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవాలి.

మీ మందుల్లో ఒక ప్రమాదం ఉంది. ట్రమడాల్, అమిట్రిప్టిలిన్ రెండూ మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే. తక్కువ డోసుల్లో కలిపి ఇస్తుంటారు గానీ, చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, కంగారు వస్తే వెంటనే చెప్పాలి. ఇంకొకరు సెరొటోనిన్‌ని పెంచే డ్యులోక్సెటిన్ అనే మందు కూడా రాస్తే పాతవి ఏమేం వాడుతున్నారో తప్పక చూపించండి. ఇలాంటి నొప్పికి ట్రమడాల్ రోజూ వాడితే మేలు తగ్గి అలవాటు మిగులుతుంది. అలాగని ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి. అమిట్రిప్టిలిన్ పడుకునేటప్పుడు వేసుకుంటే పొద్దున మత్తుగా ఉంటుంది, రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకి వేసుకుని చూడండి.

మైక్రోగ్లియాను శాంతపరుస్తుందని తక్కువ డోసు నాల్ట్రెక్సోన్ గురించి మీ అబ్బాయి తర్వాత చదవబోయేది ఖాయం. 2024లో డెన్మార్క్‌లో 99 మంది ఫైబ్రోమయాల్జియా ఉన్న ఆడవాళ్ళకి 12 వారాలు 6 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర కన్నా నొప్పి గట్టిగా తగ్గినట్టు తేలలేదు. మన మందుల షాపులో దొరికేది 50 మిల్లీగ్రాముల మాత్ర, దాన్ని బ్లేడుతో చిన్న చిన్న ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో ఎంతుందో దేవుడికే తెలియాలి. పైగా అది ట్రమడాల్‌ని పనిచేయకుండా అడ్డుకుంటుంది, ట్రమడాల్ అలవాటైన వాళ్ళకి వాంతులు, వణుకు తెస్తుంది. సొంతంగా ఆ పని చేయొద్దు. 'నొప్పుల సూది' అని వీధి చివర వేసేదాంట్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. వారం హాయిగా ఉంటుంది, తర్వాత షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, అలవాటయ్యాక ఆపితే అసలైన నీరసం మొదలవుతుంది. ఏం సూదో పేరు రాసివ్వమనండి, రాయనంటే వేయించుకోవద్దు.

కారణం లేకుండా బరువు తగ్గడం, రోజూ సాయంత్రం జ్వరం, కింద కూర్చుంటే చేతులు ఊతం లేకుండా లేవలేకపోవడం, మూత్రం పట్టు తప్పడం, కాలు ఈడ్చుకుపోవడం ఉంటే మాత్రం ఈ డైరీల కోసం ఆగొద్దు. అదే వారంలో చూపించుకోండి.

మిగతాదానికి ఒక్క డాక్టర్ని ఎంచుకుని ఆయన దగ్గరే కొనసాగండి. ప్రైవేటులో ఖర్చు భారమైతే మంగళగిరి ఎయిమ్స్ ఓపీకి గుంటూరు నుంచీ విజయవాడ నుంచీ బస్సు దూరమే. ఓపీలో మీకు దొరికే సమయం ఐదారు నిమిషాలు. అందుకని ఒకే ఒక్క కాగితం రాసుకుని వెళ్ళండి. పై వరుసలో జ్వరం ఎప్పుడు వచ్చింది, నొప్పి ఎక్కడెక్కడ అన్నది. తర్వాత పని చేశాక ఎన్ని గంటలకి కూలబడుతున్నారు, ఎన్ని రోజులు పడుతోంది. తర్వాత నిలబడిన పరీక్ష అంకెలు, వాడుతున్న మందులన్నీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, బీ12 విలువలు. పాత ఎంఆర్ఐ ఫిల్ములు సంచిలో పెట్టుకోండి. మళ్ళీ తీయించమని ఎవరైనా రాస్తే అవి బల్ల మీద పెట్టి, కొత్తదాంట్లో ఏం వెతుకుతున్నారో, దొరికితే చికిత్సలో ఏం మారుతుందో అడగండి.